టీ షర్టుపై రథము ముగ్గు

సంక్రాంతి సమీపించుచున్నది. ధనుర్మాసము పట్టినది మొదలు ముంగిళ్ళలో ముగ్గులు దినదినమునకు పెద్దవగుచు వచ్చి, కనుమనాటికి రథము రూపు దాల్చును. ఒక యింటి రథమునకు గీచిన త్రాడు ప్రక్క యింటి ముంగిలి వరకు సాగును. ఆ యింటి త్రాడు ఆ పై యింటికి పోవును. ఈ విధముగ వీధియంతయు ఒకే త్రాటితో ముడివడుట తెలుగునాట అనేక గ్రామములలో నేటికిని నిలిచియున్న ఆచారము. ఆ కనుమనాడే నంద్యాల జిల్లాలోని ఆళ్లగడ్డ ప్రాంతమున మరియొక ప్రయాణము ఆరంభమగును. అహోబిలమునుండి జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాద వరదస్వామి ఉత్సవమూర్తులు పల్లకిలో పారువేటకు బయలుదేరుదురు. నలుబది దినములకు పైగా, ముప్పదికి పైబడిన గ్రామములలో ఆ పల్లకి తిరుగును. చెంచులక్ష్మితో తన పెండ్లికి జనులను పిలుచుటకు స్వామియే స్వయముగ ఊరూర తిరుగునని స్థలైతిహ్యము.

ఇట్టి పండుగలకు యువకులు తలకింత చందా వేసికొని, ఒకే రంగు టీ షర్టులు తెప్పించి, వాటిపై ఒక బొమ్మయు ఊరి పేరును అచ్చు వేయించుట నేడు అంతట కనవచ్చుచున్నది. నంద్యాలలోనైనను ఆళ్లగడ్డలోనైనను శుభలేఖలు, గుడ్డ సంచులు అచ్చు వేయు చిన్న దుకాణములే ఈ పనికి తగిన చోట్లు. పండుగనాడు చొక్కాలన్నియు నిగనిగలాడుచుండును. కాని శివరాత్రికి మహానందికి పోవునాటికే కొన్నింటిపై బొమ్మ పెచ్చులూడును; కొన్నింటిపై తెలుపు గులాబి రంగునకు దిగును; కొన్నింటిపై ఊరి పేరే చదువరాకుండును. ఇచ్చిన చందా సొమ్ము నీటిపాలైనట్లే. ఇందుకు అచ్చు వేసిన చేయి ఒక్కటే కారణము కాదు. పనిలో హెచ్చుపాలు తెరపై రంగు పోయుటకు ముందును, గుడ్డపై రంగు దిగిన తరువాతను ఉన్నది. ఆ ముందు వెనుకలను గూర్చి ఇప్పుడు కొంత చెప్పుకొందము.

ముందుగ ఈ అచ్చు యొక్క సూత్రము. దీనిని స్క్రీన్ ప్రింటింగు అందురు. మన ఇండ్లలో ఇందుకు సరియైన పోలిక యున్నది. ధనుర్మాసమున సంతలలో అమ్ము ముగ్గు రేకును చూచియే యుందురు. రేకులో పద్మము ఆకారమున చిల్లులుండును. నేలపై నుంచి పిండి చల్లినచో చిల్లులున్న చోటనే పిండి దిగును, లేనిచోట నిలిచిపోవును. రేకు తీయగనే పద్మము మిగులును. స్క్రీన్ ప్రింటింగు సరిగా ఇదియే. రేకునకు బదులు కొయ్య చట్రమునకో, అల్యూమినియము చట్రమునకో బిగువుగ లాగి కట్టిన సన్నని జల్లెడ గుడ్డ. పిండికి బదులు చిక్కని రంగు. చేతితో చల్లుటకు బదులు స్క్వీజీ అనబడు రబ్బరు పట్టీతో లాగుట.

ఐనను రేకునకు ఒక లోపమున్నది. రేకులో సున్న ఆకారము కోసినచో నడిమి ముక్క రాలిపోవును. దానిని పట్టి యుంచుటకు అడ్డముగ ఒక వంతెన వదలవలసినదే. జపానుదేశపు అద్దకపువారు కాగితపు అచ్చులలో ఇట్టి ముక్కలను నిలుపుటకు సన్నని పట్టుదారములను అడ్డముగ అతికించిరి. జల్లెడ గుడ్డ ఈ చిక్కును పూర్తిగా తీర్చినది. ముక్క ఎక్కడనున్నను దారములే దానిని పట్టుకొనును. 1907లో ఇంగ్లండులోని మాంచెస్టరునకు చెందిన శామ్యూల్ సైమన్ పట్టుతెరతో అచ్చువేయు పద్ధతికి పేటెంటు పొందెను. నాడు వాడినది పట్టు. నేడు వాడునది పాలియెస్టరు దారము. ఐనను పని స్వభావము మారలేదు. 1960 దశకమున అమెరికాలో పలురంగుల తెరలను చక్రమువలె త్రిప్పుచు చొక్కాలపై అచ్చువేయు యంత్రము వచ్చినది. అప్పటినుండి టీ షర్టుకును ఈ అచ్చునకును స్నేహము స్థిరపడినది.

ఇక బొమ్మ ఎట్టిదై యుండవలెను? ఇది సాంకేతిక ప్రశ్న వలె తోచినను, దీనిలో మర్యాదకు సంబంధించిన విషయము కలదు. పారువేట చొక్కా యనగనే స్వామివారి ముఖమును వేయింపవలెనని పలువురకు కోరిక కలుగును. అందు భక్తియే యున్నది, కాదనము. కాని టీ షర్టు దశలను తలచుకొందము. అది చెమటలో తడియును, బండపై బాదబడును, ఏడాది గడచినపిమ్మట వంటింటి మసిగుడ్డగానో, మోటారు సైకిలు తుడుచు పీలికగానో మారును. స్వామి ముఖము ఆ గతికి పోవుట ఎవరికి సమ్మతము? కావున మూర్తికి బదులు సంకేతమును ఎన్నుకొనుట మేలని మా అభిప్రాయము. చెంచుల విల్లమ్ములున్నవి, పల్లకి దండెయున్నది, గొబ్బెమ్మపై గుమ్మడి పువ్వున్నది, అన్నింటికి మించి కనుమనాటి రథము ముగ్గున్నది. వీనిలో దేనిని వేసినను పండుగ తెలియును. చొక్కా చిరిగినప్పుడు మనసు చివుక్కుమనదు.

రథము ముగ్గునే ఉదాహరణముగ తీసికొందము. కల్లాపి చల్లిన నేల రంగును పోలిన మట్టిరంగు చొక్కా. దానిపై తెల్లని గీతలతో రథము. రథము నడుమ ఒకటే గుమ్మడి పువ్వు, పసుపు రంగున. రథమునుండి ఇరుప్రక్కలకు త్రాటి గీత. ఆ గీతను ప్రక్క కుట్టు వరకు లాగరాదు. కుట్టు దగ్గర గుడ్డ ఎత్తుగ నుండుటచే స్క్వీజీ ఎగిరి రంగు ముద్దకట్టును. కుట్టునకు 3 సెంటీమీటర్లు ఇవతలనే ఆపవలెను. అన్ని పెద్ద చొక్కాలకును కంఠపు పట్టీనుండి ఒకే కొలతలో బొమ్మను దింపినచో, యువకులు వరుసగ నిలిచినప్పుడు త్రాడు ఒకరినుండి ఒకరికి సాగినట్లే కంటికి తోచును. రథము మాత్రము వెడల్పు 25 నుండి 28 సెంటీమీటర్లు, కంఠపు పట్టీకి 7 లేక 8 సెంటీమీటర్ల దిగువన ఉండుట పెద్దల చొక్కాలకు సాధారణముగ నప్పు కొలత. దానికంటె దిగువకు పోయినచో బొమ్మ పొట్టపై కూర్చుండును.

గీతలను గూర్చి ఒక జాగ్రత్త. కాగితముపై ముద్దుగ కనబడు వెండ్రుక వంటి గీత గుడ్డపై నిలువదు. అల్లిక గుడ్డ సాగునట్టిది. రంగు కొంచెము వ్యాపించునట్టిది. ఒక మిల్లీమీటరునకు తగ్గని గీత, అంతకు తగ్గని ఎడము ఉంచుట క్షేమము. తెలుగు అక్షరములకు ఈ నియమము మరింత అవసరము. ‘సంక్రాంతి’ అను మాటలో రెండు సున్నలును ఒక క్రావడియు కలవు. చిన్నవిగ వేసినచో సున్నలు పూడి చుక్కలగును. ‘పారువేట’ అను మాటలో ‘ప’ తలపైనున్న సందు పూడినచో అది ‘వ’ వలె కనబడి మాటయే మారిపోవును. అందుచే బొమ్మను అసలు కొలతలో తెల్లకాగితముపై తీయించి, గోడకు తగిలించి, పది అడుగుల దూరమునుండి చదివి చూడవలెను. అక్కడినుండి చదువరాని అక్షరము చొక్కాపైనను చదువరాదు.

సెల్ ఫోనులో చేతులు మారివచ్చిన చిత్రములను అచ్చునకు ఇచ్చుట మరియొక పొరపాటు. పంపిన ప్రతిసారియు ఆ చిత్రములోని వివరము తరుగును. పెద్దది చేసినచో అంచులు రంపపు పండ్లవలె లేచును. పైగా అది ఎవరో ఒకరు గీచిన బొమ్మ. అడుగక వాడుట న్యాయము కాదు. ఊరిలో ముగ్గు వేయుటలో నేర్పుగల ఒక ఇల్లాలిచేత తెల్లకాగితముపై నల్లసిరాతో రథము వేయించుకొనుట ఇంతకంటె సులభము, గౌరవప్రదము. దానిని స్కాను చేయించి కంప్యూటరులో శుభ్రము చేయింపవచ్చును. డి.టి.పి. దుకాణములలో తెలుగును తరచుగ అను ఫాంట్లలో కూర్తురు. ఆ ఫాంట్లు లేని కంప్యూటరులో తెరచినప్పుడు ఊరి పేరు అర్థము లేని గుర్తులుగా మారును. కావున ఫైలును మరియొక దుకాణమునకు పంపుటకు ముందు అక్షరములను గీతలుగా మార్పించవలెను. ‘కర్వ్స్ చేయుడు’ అని చెప్పినచో దుకాణమువారికి తెలియును.

రంగుల లెక్కయు చూడవలెను. తెర అచ్చులో ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క తెర కావలెను. లెక్కకొరకు ఒక తెర తయారుచేయుటకు 500 రూపాయలు పడుననుకొందము. రెండు రంగుల బొమ్మకు 1000 రూపాయలు. 40 చొక్కాలకు పంచినచో ఒక్కింటికి 25 రూపాయలు. ఐదు రంగుల బొమ్మకు 2500 రూపాయలు. 10 చొక్కాలకే పంచినచో ఒక్కింటికి 250 రూపాయలు. కావున రంగులు తగ్గి చొక్కాలు పెరిగినప్పుడే ఈ పద్ధతి చౌక. నాలుగైదు చొక్కాలపై పలురంగుల చిత్రము కావలసినవారికి, నేడు దుకాణములలో డి.టి.ఎఫ్. అనుచున్న ఫిల్ము అంటింపు పద్ధతి మేలు. రంగులు రెండైనను అవి ఒకదానినొకటి తాకకుండ గీచుట తెలివి. రెండవ తెర అర మిల్లీమీటరు జరిగినను అప్పుడు తప్పు కనబడదు. మన రథములో పసుపు పువ్వు తెల్లని గీతలకు ఎడముగ నుండుట ఇందుకే.

ఇప్పుడు గుడ్డ సంగతి. నంద్యాల నల్లరేగడి నేలలు పత్తికి పేరుపొందినవి. 1906లో నెలకొనిన నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానము పత్తిరకములకు ప్రసిద్ధము. అక్కడ రూపొందిన ఒక రకమునకు ‘నరసింహ’ యనియే పేరు. మన చొక్కా ఏ చేలలోని పత్తియో చెప్పజాలము గాని, నూలు చొక్కా కావలెనని మాత్రము గట్టిగ చెప్పుదుము. చౌకగ దొరకు మెరపు టీ షర్టులు పెక్కు పాలియెస్టరువి. పాలియెస్టరునకు అద్దిన రంగు వేడి తగిలినప్పుడు ఆవిరియై పైకి లేచి, పైనున్న తెల్లని అచ్చులోనికి చొచ్చుకొనును. ఎఱ్ఱ చొక్కాపై తెల్లని బొమ్మ కొన్ని దినములకు గులాబి రంగగుట ఈ కారణముచేతనే. నూలు గుడ్డపై ఈ బాధ ఉండదు. చదరపు మీటరునకు 160 నుండి 180 గ్రాముల బరువుగల నూలు అల్లిక అచ్చునకు అనుకూలము. గుడ్డ ముందుగనే ముడుచుకొనినదియో కాదో అడిగి తెలిసికొనవలెను. అచ్చు పడిన తరువాత గుడ్డ ముడుచుకొన్నచో బొమ్మయు ముడుతలు పడును.

తెర తయారగు విధము వినోదకరమైనది. చీకటిగదిలో, మంద్రమైన పసుపు వెలుతురున, జల్లెడ గుడ్డపై ఎమల్షను అను జిగురును పలుచగ పూసి ఆరబెట్టుదురు. వెలుతురు తగిలినచో గట్టిపడుట ఈ జిగురు గుణము. బొమ్మను పారదర్శకమైన ఫిల్ముపై దట్టమైన నలుపుతో తీసి, తెరకు ఆనించి, పైన అద్దము పెట్టి, దీపపు వెలుతురునగాని ఎండలోగాని ఉంచుదురు. వెలుతురు తగిలినచోట జిగురు గట్టిపడును. నల్లని గీతల నీడ పడినచోట మెత్తగనే యుండును. పిమ్మట నీటితో కడిగినచో మెత్తనిది పోయి గీతలు తెరచుకొనును. మన రథము ఇప్పుడు తెరలో కిటికీవలె నిలిచినది. ఎంతసేపు వెలుతురు చూపవలెనో జిగురును బట్టి, దీపమును బట్టి మారును. ఎక్కువైనచో సన్నని గీతలు తెరచుకొనవు. తక్కువైనచో కడుగునప్పుడే జిగురు జారిపోవును. అందుచే నేర్పరులు ముందుగ ఒక ముక్కపై ఒక నిమిషము, రెండు నిమిషములు, మూడు నిమిషములు అని మెట్లుగా పరీక్షించుకొందురు.

ఈ సందర్భమున ఒక హెచ్చరిక. కొన్ని చోట్ల ఎమల్షనులో నారింజరంగు పలుకుల అమ్మోనియం డైక్రోమేటును నేటికిని కలుపుదురు. డైక్రోమేటు వెలుతురునకు మారునని 1839లోనే స్కాట్లండువాడైన ముంగో పాంటన్ కనుగొనెను. అది పని చక్కగ చేయును గాని, దానిలోని క్రోమియము చర్మమును పుండ్లు పరచునది, క్యాన్సరునకు కారణమగునది. దానికి బదులు డయాజో ఎమల్షను దొరకుచున్నది. ఇంటివద్ద ఈ పని నేర్వగోరు యువకులు డైక్రోమేటును తాకనే రాదు. దుకాణములలో పనిచేయువారు చేతితొడుగులు ధరింపవలెను.

జల్లెడ గుడ్డలో సెంటీమీటరునకు ఎన్ని దారములున్నవో దానిని బట్టి రంగు ఎంత దిగునో నిర్ణయమగును. లేతరంగు గుడ్డపై సన్నని పనికి 61 నుండి 77 దారముల తెర నప్పును. మట్టిరంగు వంటి ముదురు గుడ్డపై దట్టమైన తెలుపు దిగవలెనన్నచో 43 దారములు చాలును. తెరకును గుడ్డకును రెండు మూడు మిల్లీమీటర్ల ఎడముంచి, స్క్వీజీని కొంచెము వాల్చి పట్టి, ఒకే ఒత్తిడితో ఒక్క లాగున లాగవలెను. స్క్వీజీ దాటిన వెంటనే తెర పైకి లేచినచో గీత స్ఫుటముగ వచ్చును. ముదురు గుడ్డపై తెలుపు ఒక్కసారికి చాలకున్నచో, మొదటిపూత చేతికి అంటకుండునంత ఆరిన తరువాతనే రెండవపూత వేయవలెను. తడిపై తడి పోసినచో సున్నలు పూడును; అక్షరములు ఉబ్బును.

చొక్కా ఎంతకాలము మన్నునో తేలునది దీని తరువాతి మెట్టున. రంగు ఆరుట వేరు, పండుట వేరు. నీటితో కలిసిన పిగ్మెంటు రంగు ఒక గంటలో చేతికి అంటకుండ ఆరును. కాని దారమును పట్టుకొనదు. దానిని పట్టించు బైండరు గట్టిపడుటకు వేడి కావలెను. సుమారు 150 డిగ్రీల వేడి మూడునుండి ఐదు నిమిషములు తగులవలెను. ఫిక్సరు కలిపిన రంగులు వేడి లేకున్నను గట్టిపడును గాని, వానికి దినములు పట్టును. ప్లాస్టిసాల్ అను మరియొక రకపు రంగు అసలు గాలికి ఆరనే ఆరదు. దాని పూత మందమంతయు సుమారు 160 డిగ్రీల వేడికి చేరినప్పుడే ఒక్కటిగా కరగి నిలుచును. పైపొర మాత్రమే వేడెక్కినచో చూచుటకు బాగుగ నున్నను, నాలుగు ఉతుకులకే బీటలు వారును. పండుగ ముందునాడు వచ్చి, ‘రేపటికి కావలె’ నని తొందరచేసిన గుంపునకు చాలినంత వేడి చూపని చొక్కాలు దొరకుట సహజము. భోగికి పదిదినముల ముందే బొమ్మను ఇచ్చినవారికి, అచ్చు పండుటకు చాలినంత వ్యవధి దొరకును. ఇంటివద్ద పిగ్మెంటు రంగుతో ఒకటి రెండు వేసికొన్నవారు, ఆరిన తరువాత పలుచని గుడ్డ కప్పి ఇస్త్రీపెట్టెతో అచ్చు ప్రతి భాగమునకును కొన్ని నిమిషములు వేడి చూపవలెను.

పని ముగిసిన తరువాత మిగిలిన రంగును కాలువలో పోయుట తగదు. నంద్యాల కాలువలలో పోసినది తుదకు కుందూ నదిని చేరును. తెరపై మిగిలిన రంగును ముందుగ గరిటెతో డబ్బాలోనికి ఎత్తుకొనవలెను. అంటినదానిని పాత గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను ఆరబెట్టి చెత్తలో వేయవలెను. చివరకు మాత్రమే నీరు వాడవలెను. ఇది రంగును మిగుల్చును; కాలువను కాపాడును.

ఈ తెర అచ్చు వలన నష్టపోయినవారును కలరని మరువరాదు. కృష్ణా జిల్లా పెడనలో కొయ్య అచ్చులతో, ప్రకృతి రంగులతో కలంకారీ అద్దువారి పనిని, తెరపై వేసిన అనుకరణలు చౌకధరతో దెబ్బతీసినవి. పలుమార్లు ఉడికించి, పారునీటిలో జాడించి తీసిన గుడ్డకును, ఒక్క లాగున దిగిన గుడ్డకును ఒకే పేరు పెట్టి అమ్ముట మోసము. తెర అచ్చు తన పేరుతో తాను నిలువదగిన విద్య. దానికి మరియొకరి పేరు అక్కరలేదు.

చొక్కాలు చేతికి వచ్చిన తరువాత మూడు దినములు ఉతుకక ఉంచుట మంచిది. ఉతుకునప్పుడు లోపలి ప్రక్క బయటికి త్రిప్పి చల్లని నీటిలో ఉతుకుడు. అచ్చుపై నేరుగ ఇస్త్రీపెట్టె పెట్టకుడు. దుకాణమువారితో బేరము కుదుర్చునప్పుడే ఒక మాట అనుకొనుట ఉభయులకు మేలు. మొత్తము పని మొదలిడుటకు ముందు ఒక్క చొక్కా వేయించి, వేడి చూపించి, ఇంటికి తెచ్చి, మామూలుగ ఉతుకు సబ్బుతోనే ఐదుమార్లు ఉతికి చూడుడు. అచ్చును రెండు చేతులతో లాగి చూడుడు. గీత విరుగకున్నచో, పువ్వు పసుపు మాయకున్నచో, సున్నలు సున్నలుగనే యున్నచో, మిగిలిన ముప్పదితొమ్మిదింటికి అప్పుడు సరేననుడు.